తుపాను తర్వాతి ఆదివారం: కష్టంలో ఉన్న సంఘం ముందు కాపరి ఏం పాడాలి, ఏం పలకాలి?

హుద్‌హుద్ తుపాను తీరం దాటింది 2014 అక్టోబరు 12న. ఆ రోజు ఆదివారం. సరిగ్గా ఏడాది ముందు, 2013 అక్టోబరు 12 శనివారం రాత్రి పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు జనం తెల్లారి తోటల్లోకి వెళ్లి పడిపోయిన చెట్లు చూసుకున్నదీ ఆదివారమే. 2018 అక్టోబరు 11న తిత్లీ వజ్రపుకొత్తూరు మండలంలో తీరాన్ని తాకింది గురువారం తెల్లవారుజామున. కరెంటు లేదు, మోటార్లు తిరగక తాగునీళ్లు లేవు, రోడ్లకు అడ్డంగా చెట్లు, స్తంభాలు. మూడు రోజులు గడిచేసరికి మళ్లీ ఆదివారం వచ్చేసింది.

శ్రీకాకుళం జిల్లాలో సంఘం నడిపేవాళ్లకు ఇలాంటి ఆదివారాలు తప్పవు. ముందు వరసలో చాప మీద కూర్చున్నామె ఇంటి రేకులు ఎగిరిపోయాయి. గుమ్మం దగ్గర కూర్చున్నాయన కొబ్బరి తోట మొత్తం నేల మీదుంది. ఇప్పుడు ఏ పాట ఎత్తుకోవాలి? "దేవుడు మంచివాడు" అని ఏ నోటితో మొదలుపెట్టాలి? అసలు పాడకుండా, ప్రార్థన చేయకుండా పంపించేస్తే వాళ్లు వచ్చినందుకు దక్కేదేమిటి?

ఇలాంటి ప్రతి విపత్తు తర్వాతా వాట్సాప్ గ్రూపుల్లో, పాస్టర్ల కూడికల్లో రెండు మాటలు ఢీకొంటుంటాయి. ఏం జరిగినా స్తుతించాల్సిందే, అదే విశ్వాసం అని కొందరు. జనం ఏడుస్తుంటే చప్పట్లు కొట్టించడమేంటి, ముందు బియ్యం, టార్పాలిన్లు చూడండి అని కొందరు. రెండువైపులా బైబిలు వచనాలే చూపిస్తారు. సామాన్య విశ్వాసికి తల తిరిగిపోతుంది. అందుకే మొదటి నుంచి వద్దాం.

వాడుతున్న మాటలకు అర్థం ఏమిటి

క్రైస్తవుల మాటల్లో "శ్రమ" అంటే ఒంటిపని కాదు, కష్టం, బాధ, హింస. జబ్బు, అప్పు, చావు, తుపాను, అవమానం అన్నీ అందులోకే వస్తాయి. "విశ్వాసం" అంటే దేవుడు ఉన్నాడని ఒప్పుకోవడంతో ఆగదు, ఆయన మీద భారం వేసి నిలబడటం. "స్తుతి" దేవుణ్ణి కొనియాడటం. "ఆరాధన" అంతకంటే పెద్దది. పాట, ప్రార్థన, వాక్యం, బల్ల (యేసును తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం), కానుక, మౌనం, కన్నీళ్లు అన్నీ ఆరాధనే. తికమక చాలావరకు ఇక్కడే మొదలవుతుంది. ఆరాధన అంటే స్తుతి ఒక్కటే అనుకుంటే, కష్టంలో ఆరాధించడం అంటే కష్టంలో నవ్వు ముఖం పెట్టడమే అయిపోతుంది.

ఇంకో మాట "విలాపం". దేవుడి ముందు దేవుడి మీదే మొర పెట్టుకోవడం. బైబిల్లో ఈ పేరుతో ఒక పుస్తకమే ఉంది, విలాపవాక్యములు. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేమును, దేవాలయాన్ని నాశనం చేసిన తర్వాతి దుఃఖం అది.

"కాపరి" అంటే సంఘాన్ని నడిపే మనిషి. పాత బాప్టిస్టు సంఘాల్లో అయ్యగారు అంటారు, స్వతంత్ర సంఘాల్లో పాస్టర్ గారు, కతోలికుల్లో ఫాదర్ గారు. పేరు ఏదైనా, కష్టం వచ్చినప్పుడు ఊరు చూసేది వాళ్ల ముఖమే.

యోబు ఒక్క వాక్యం, మిగతా అధ్యాయాలు

"యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొని పోయెను, యెహోవా నామమునకు స్తుతి కలుగునుగాక." సమాధి కార్యక్రమాల్లో ఈ వచనం వినని క్రైస్తవుడు ఉండడు. ఒకే రోజు పశువులు, పనివాళ్లు, పిల్లలు పోయిన యోబు నేల మీద పడి అన్న మాట ఇది. స్తుతి ముందు అనేవాళ్లకు ఇదే పెద్ద ఆధారం, న్యాయంగానే.

అయితే ఇది యోబు గ్రంథంలో మొదటి అధ్యాయం. మొత్తం 42 ఉన్నాయి. మూడో అధ్యాయానికే యోబు తాను పుట్టిన రోజును శపించుకుంటాడు. అక్కడి నుంచి దేవుణ్ణి నిలదీస్తాడు, కోర్టుకు పిలుస్తాడు, జవాబు చెప్పమంటాడు. పరామర్శకు వచ్చిన ముగ్గురు స్నేహితులు మొదట చాలా మంచిపని చేశారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. తర్వాత నోరు తెరిచారు. నీ తప్పు ఏదో ఉండి ఉంటుంది, ఒప్పుకో అన్నారు. పుండు మీద కారం చల్లినట్టయింది. చివరికి దేవుడు కోప్పడింది ఆ ముగ్గురి మీద. తన గురించి యోబు మాట్లాడినట్టు వాళ్లు యుక్తంగా మాట్లాడలేదన్నాడు.

నా మట్టుకు ఈ పుస్తకంలో కాపరికి పనికొచ్చే భాగం ఇదే. దేవుణ్ణి వెనకేసుకొచ్చినవాళ్లు తప్పని తేలింది, దేవుడితో గొడవపడ్డవాడు నిలబడ్డాడు. మొదటి అధ్యాయంలోని వచనాన్ని మాత్రం కోసి పిల్లాణ్ణి పోగొట్టుకున్న తల్లి చేతిలో పెడితే, ఆమెకు యోబు సగమే అందినట్టు.

కీర్తనల గ్రంథం మొర ఎలా పెట్టుకోవాలో నేర్పుతుంది

150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు విలాప కీర్తనలే అని బైబిలు పండితులు లెక్కగడతారు. వాటిలో చాలావాటికి ఒక వరస ఉంటుంది. 13వ కీర్తన ఆరే వచనాలు కాబట్టి అందులో చూద్దాం. మొదటి రెండు వచనాల నిండా ప్రశ్నలే. ఎన్నాళ్లు మరచిపోతావు, ఎంతకాలం ముఖం తిప్పుకుంటావు అని. తర్వాతి రెండు వచనాల్లో అడగడం: నా వైపు చూడు, జవాబివ్వు, నా కళ్లకు వెలుగివ్వు. చివరి రెండింట్లో నమ్మకం, పాట. నీ కృపను నమ్ముకున్నాను, నేను పాడతాను అంటాడు. స్తుతి ఉంది. అది మొరను దాటి వచ్చిన స్తుతి, మొర నోరు నొక్కి తెచ్చింది కాదు.

అన్ని కీర్తనలూ ఇలా తేటగా ముగియవు. 88వ కీర్తనలో ఆ మలుపే లేదు. స్నేహితులు దూరమయ్యారు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. దాని కింద ఓదార్పు వచనం ఒక్కటీ లేదు. అయినా దాన్ని ఆరాధన పుస్తకంలో పెట్టారు, ఇశ్రాయేలీయులు పాడుకున్నారు. అంటే నమ్మకం మాటల్లోకి రాని రోజున కూడా మనిషి మందిరానికి రావచ్చని అర్థం. ఆ చీకటి మాటలూ దేవుడితోనే చెప్పినవి కదా.

ప్రవక్త హబక్కూకు సంగతీ అంతే. అంజూరపు చెట్లు పూయకపోయినా, ద్రాక్షచెట్లు ఫలించకపోయినా, శాలలో పశువులు లేకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తాను అనే మాటలు మూడో అధ్యాయంలోవి. శ్రీకాకుళం జిల్లాలో తోటల మీద బతికే ఉద్దానం ప్రాంతంలో ఈ వచనం చదివితే గుండె పట్టేస్తుంది. కానీ అదే ప్రవక్త మొదటి అధ్యాయంలో, నేను మొర్రపెడుతుంటే ఎన్నాళ్లు ఆలకించవు అని దేవుణ్ణి అడిగాడు. మధ్యలో కావలి బురుజు మీద నిలబడి జవాబు కోసం ఎదురుచూశాడు. మూడో అధ్యాయానికి దొడ్డిదారి లేదు.

ఒక ఊరు అనుకుందాం: తిత్లీ తర్వాతి ఆదివారం

ఉద్దానంలో అరవై కుటుంబాల సంఘం ఒకటి ఉందనుకుందాం. మందిరం రేకులు సగం లేచిపోయాయి. మైకు లేదు, కీబోర్డు లేదు. డోలక్ తడిసింది. పాస్టర్ గారికి రెండు దారులు.

మొదటి దారిలో ఆయన ఎప్పటి వరసే నడుపుతారు. హుషారైన పాటతో మొదలు, "హల్లెలూయా గట్టిగా చెప్పాలి" అని రెండుసార్లు, ప్రాణాలతో మిగిల్చినందుకు కృతజ్ఞత, ఆఖరున కానుక పాట. ఇందులో అబద్ధమేమీ లేదు, ప్రాణాలు మిగలడం నిజంగానే కృతజ్ఞత చెప్పాల్సిన సంగతి. కానీ పక్కవీధిలో ఒక ప్రాణం పోయి ఉంటే, ఆ ఇంటివాళ్లు ఆ మాట ఎలా వింటారు?

రెండో దారిలో ఆయన ముందు కూర్చోబెట్టి అడుగుతారు. ఎవరికి ఏం పోయిందో చెప్పండి అని. "ఏటి చేస్తాం అయ్యగారూ, చెట్లన్నీ పడిపోనాయి" అని ఒకాయన అంటాడు. ఒకామె మాట్లాడలేక చీర కొంగు నోట్లో కుక్కుకుంటుంది. పోయినవాటిని ఆయన ఒక్కొక్కటీ పేరుపెట్టి ప్రార్థనలో దేవుడికి అప్పజెబుతారు. ఫలానా ఆమె ఇల్లు, ఫలానా ఆయన తోట, ఫలానా కుర్రాడి పడవ, వల. తర్వాత 13వ కీర్తనో, విలాపవాక్యములు మూడో అధ్యాయమో చదువుతారు. ఆ మూడో అధ్యాయంలోనే ఆయన కనికరం ప్రతి ఉదయమూ కొత్తగా పుడుతుందన్న మాట ఉంది, బూడిద మధ్యలో ఉంది. ఆ తర్వాత నెమ్మదిగా, డోలక్ లేకుండా, అందరికీ నోటికొచ్చిన పాత కీర్తన ఒకటి. మధ్యాహ్నానికి రేకులు ఎవరింటికి ముందు వేయాలో, బియ్యం ఎవరికి నిండుకున్నాయో పెద్దలతో కూర్చుని రాసుకోవడం.

రెండు దారుల్లోనూ ఆరాధన జరిగింది. రెండోదానిలో జనం తమ కష్టాన్ని గుమ్మం బయట చెప్పులతో పాటు వదిలి రావాల్సిన పని పడలేదు.

ఒక లెక్క మరిచిపోకూడదు. నాటు కొబ్బరి మొక్క వేస్తే కాపుకు రావడానికి ఆరేడేళ్లు. జీడికైనా మూడు నాలుగేళ్లు. తిత్లీలో లక్షల కొబ్బరి చెట్లు కూలాయి. ఒక్క ఆదివారం ఓదార్పుతో తీరిపోయే కష్టం కాదది. పేపర్లలో వార్త ఆగిపోయాక కూడా ఆ ఇంట్లో కష్టం ఏళ్ల తరబడి సాగుతూనే ఉంటుంది. అందుకే కొన్ని సంఘాలు పాటించే శ్రమల దినాలు, ఈస్టరుకు ముందరి 40 రోజులు, నాకు చాలా విలువైనవిగా తోస్తాయి. విపత్తు ఉన్నా లేకపోయినా దుఃఖానికి క్యాలెండరులోనే చోటు ఉంచిన ఏర్పాటు అది.

ముందు స్తుతి అనేవాళ్ల మాటలో బలం

వాళ్ల వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు. మొదటి సంగతి, పదిమంది కలిసి పాడితే మనసు నిలబడుతుంది. ఒంటరిగా ఇంట్లో కూర్చుంటే వచ్చే ఆలోచనలు వేరు. రెండో సంగతి, కాపరి కుప్పకూలితే సంఘం బెదిరిపోతుంది. పడవ నడిపేవాడే తెడ్డు వదిలేస్తే ఎక్కినవాళ్లు ఏమైపోవాలి అంటారు వాళ్లు. మూడోది, థెస్సలొనీకయులకు రాస్తూ పౌలు ప్రతి విషయంలోనూ కృతజ్ఞతాస్తుతులు చెల్లించమన్నాడు, అందులో మినహాయింపు పెట్టలేదు.

కాపరి నిలబడాలన్న మాటకు దావీదు జీవితంలోని సిక్లగు అనే ఊరి ఘట్టాన్ని చూపిస్తారు, మొదటి సమూయేలు 30వ అధ్యాయం. ఊరు కాలిపోయింది, భార్యాపిల్లల్ని ఎత్తుకుపోయారు, సొంత మనుషులే అతణ్ణి రాళ్లతో కొట్టాలనుకున్నారు. అప్పుడు దావీదు తన దేవుడైన యెహోవాను బట్టి ధైర్యం తెచ్చుకున్నాడు. నాయకుడంటే అలా ఉండాలి అంటారు. నిజమే. అయితే ఆ మాట ఆరో వచనం. నాలుగో వచనంలో దావీదూ అతని మనుషులూ ఇక ఏడ్చే ఓపిక లేనంతగా గట్టిగా ఏడ్చారని ఉంది. నాయకుడు జనం ముందు, జనంతో కలిసి ఏడ్చాడు, తర్వాత లేచి నిలబడ్డాడు. ఈ రెండు వచనాల్నీ కలిపి చదివితే, ధైర్యంగా ఉండాలా, దుఃఖం దాచకూడదా అన్న గొడవ సగం సద్దుమణుగుతుంది. మిగిలేది సమయం తెలుసుకోవడం. ఎప్పుడు ఏడవాలి, ఎప్పుడు లేవాలి అన్నది. దానికి సూత్రమేమీ లేదు. ఆ ఊరి మనుషుల్ని ఎరిగిన కాపరికే తెలుస్తుంది.

ఎవరి పాపం అన్న ప్రశ్న

విపత్తు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఇది దేవుడి శిక్ష అంటారు. 2023 అక్టోబరు 29న, అదీ ఆదివారమే, విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు రైళ్లు ఢీకొని పదిమందికి పైగా చనిపోయారు. ఆ బోగీల్లో ఉన్నవాళ్లు ఏం పాపం చేశారు? యేసు దగ్గరికి ఇలాంటి ప్రశ్నే వచ్చింది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో అందరికంటే ఎక్కువ అపరాధులనుకుంటున్నారా, కాదు అన్నాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి వీడి పాపమా, తల్లిదండ్రుల పాపమా అని శిష్యులు అడిగితే రెండూ కాదన్నాడు. పాపానికి ఫలితం ఉంటుందని బైబిలు వేరేచోట చెబుతుంది, దాన్ని కాదనక్కర్లేదు. ఫలానా మనిషికి ఫలానా కష్టం ఫలానా పాపం వల్లే వచ్చిందని తేల్చే అధికారం మాత్రం ఏ కాపరికీ ఇవ్వలేదు.

తీరని కష్టం: కిడ్నీ జబ్బు, సాక్ష్యం చెప్పలేని మనిషి

తుపాను వచ్చి పోతుంది. ఉద్దానం కిడ్నీ జబ్బు పోదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దశాబ్దాలుగా మనుషుల్ని తినేస్తోంది. నీళ్లా, ఎండలో చెమటోడ్చే పనా, మట్టిలో ఉన్నదా, వంశంలో ఉన్నదా అని ఎన్నో పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. డయాలసిస్ రోగులకు ప్రభుత్వ పెన్షన్ ఉంది. అయినా వారానికి రెండు మూడుసార్లు, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు మెషిన్ పక్కన పడుకునే బతుకు అది.

మన సంఘాల్లో సాక్ష్యం చెప్పే సమయం, అంటే దేవుడు తనకు చేసిన మేలు లేచి నలుగురికీ చెప్పే సమయం ఒకటి ఉంటుంది. ఎవరు లేస్తారు? జబ్బు తగ్గినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, పెళ్లి కుదిరినవాళ్లు. డయాలసిస్ మీద ఉన్నాయన ఏ ఆదివారం లేవాలి? ఆయన కథ ముగియలేదు, ముగిసే తీరు కూడా తెలుసు. వెనక గోడకు ఆనుకుని కూర్చుని, నా విశ్వాసం చాలలేదేమో అనుకుంటాడు. ఆ ఆలోచన ఎవరూ నోటితో చెప్పకపోయినా, ముగిసిన కథలకే చోటిచ్చే ఆ ఏర్పాటే ఆయనకు చెప్పేస్తుంది. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. ఈ వారం కూడా మెషిన్ మీద పడుకుని వచ్చాను, దేవుడు ఇంకా బాగుచేయలేదు, నేను ఇంకా అడుగుతున్నాను అని ఒక మనిషి లేచి చెబితే అది సాక్ష్యం కాకపోతుందా? తన శరీరంలో ముల్లు తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు. నా కృప నీకు చాలును అన్న జవాబు వచ్చింది. ఆ సంగతి ఆయన దాచుకోకుండా కొరింథీయులకు రాశాడు.

స్వస్థత ప్రార్థన సంగతికొస్తే, నూనె రాసి ప్రార్థించమని యాకోబు పత్రికలో ఉంది. పెంతెకొస్తు సంఘాలు చేస్తాయి, కతోలికులకు అదొక సంస్కారం, అంటే పవిత్ర కార్యం. ప్రార్థన చేయడం తప్పని ఏ క్రైస్తవ శాఖా అనదు. చిక్కు వచ్చేది మందులు మానేయడమే విశ్వాసం అన్నప్పుడు. డయాలసిస్ మానేస్తే రోజుల్లోనో వారాల్లోనో ప్రాణం పోతుంది. ఈ జిల్లా క్రైస్తవ చరిత్రే ఈ మాటకు ఎదురు నిలుస్తుంది. సోంపేటలో పనిచేసిన కెనడా బాప్టిస్టు మిషనరీ డాక్టర్ బెన్ గలిసన్ ప్రార్థనా చేశారు, కంటి ఆపరేషన్లూ చేశారు. ఆయన ప్రసంగం విన్న ఒక వ్యాపారి కదిలిపోయి 1963లో కెనడాలో మొదలుపెట్టినదే ఆపరేషన్ ఐసైట్ సంస్థ.

పాడితే పరిహారం వస్తుందా?

భక్తి జనాన్ని సర్దుకుపొమ్మంటుంది, అడగాల్సినవాళ్లను అడగనివ్వదు అనే విమర్శ బయట నుంచి వస్తుంది. హక్కుల పోరాటాలు చూసిన శ్రీకాకుళంలో ఆ మాటకు బరువు ఉంది. అంతా దేవుడి చిత్తం అని నష్టం లెక్కలు రాసే సిబ్బంది ముందుకే రాని పేదలు ఉంటారు. దీనికి క్రైస్తవులు ఇవ్వగలిగిన గట్టి జవాబు అపొస్తలుల కార్యములు 16లో ఉంది.

ఫిలిప్పీ పట్టణంలో పౌలును, అతని సహచరుడు సీలను బెత్తాలతో కొట్టి, కాళ్లకు బొండ వేసి, లోపలి చెరసాలలో పడేశారు. అర్ధరాత్రి వాళ్లు కీర్తనలు పాడారు, భూకంపం వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. ప్రసంగాలు ఎక్కువగా ఇక్కడ ఆగుతాయి. తెల్లారాక ఏమైందంటే, అధికారులు గుట్టుగా వదిలేస్తాం పొమ్మన్నారు. పౌలు వెళ్లలేదు. మేం రోమా పౌరులం, విచారణ లేకుండా బహిరంగంగా కొట్టించారు, ఇప్పుడు రహస్యంగా పంపుతారా, వాళ్లనే వచ్చి బయటికి తీసుకెళ్లమనండి అన్నాడు. అధికారులు భయపడి వచ్చి బతిమాలుకున్నారు. రాత్రి పాట పాడినవాడే పొద్దున హక్కు అడిగాడు. కాబట్టి తోట నష్టం నమోదు చేయించడానికి సంఘంలో ముసలివాళ్లను వెంటబెట్టుకుని గ్రామ సచివాలయానికి వెళ్లే పాస్టర్ గారు ఆరాధన వదిలి రాజకీయం చేస్తున్నట్టు కాదు.

కాపరి ఇల్లూ అదే ఊళ్లో ఉంది

ఈ చర్చలో అందరూ దాటేసే సంగతి ఒకటి. పాస్టర్ గారి ఇంటి రేకులు కూడా ఎగిరిపోయాయి. స్వతంత్ర సంఘాల్లో ఆయనకు జీతం ఉండదు, విశ్వాసుల కానుకలే ఆధారం. కొబ్బరి పడిపోతే కానుక పడిపోతుంది. 2020 లాక్‌డౌన్‌లో మందిరాలు మూసేసినప్పుడు ఇది అందరికీ కనిపించింది. రాష్ట్ర ప్రభుత్వం అర్చకులు, ఇమాములతో పాటు పాస్టర్లకు కూడా ఒకసారి 5,000 రూపాయల సాయం ఇవ్వాల్సి వచ్చింది. ఇంట్లో బియ్యం లేని మనిషి ఇంకొకరి ఇంటికి పరామర్శకు వెళ్లి ప్రార్థన చేయాలి. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ప్రవక్త ఏలీయా ఒక చెట్టు కింద పడుకుని నా ప్రాణం తీసుకో అన్నప్పుడు, దేవుడు ముందు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, దూతతో రొట్టె, నీళ్లు పంపాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తిండి పెట్టాడు. మాట తర్వాత వచ్చింది. ఈ జనాన్నంతా నేనొక్కణ్ణే మోయలేను, నన్ను చంపేయ్ అని మోషే అన్నప్పుడు, దేవుడు అతనికి 70 మంది పెద్దల్ని తోడిచ్చాడు. ఆసియలో పడ్డ శ్రమల్లో బతుకుతామన్న నమ్మకం కూడా పోయిందని పౌలు సంఘానికే రాశాడు. బైబిల్లో నాయకుల అలసట దాచిపెట్టిన రహస్యం కాదు.

మన దగ్గర ఏర్పాట్లు శాఖను బట్టి మారతాయి. 1993లో ఏర్పడిన శ్రీకాకుళం మేత్రాసనంలో (బిషప్ కింద ఉండే కతోలిక సంఘాల ప్రాంతం) ఫాదర్‌కు కష్టమొస్తే పైన బిషప్ గారున్నారు, తోటి గురువులున్నారు. కెనడా మిషను నాటిన బాప్టిస్టు సంఘాలకు అసోసియేషన్, కన్వెన్షన్ ఉన్నాయి. స్వతంత్ర పాస్టర్‌కు మండలంలో పాస్టర్స్ ఫెలోషిప్ ఉంటే ఉంటుంది. అందులో కూడా నాకు బాగోలేదు అని చెబితే రేపు విశ్వాసులకు తెలిసిపోతుందేమో అన్న భయం. పాస్టరమ్మ గారి పరిస్థితి మరీ కష్టం. ఊళ్లో ఆడవాళ్లందరూ వచ్చి ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడుస్తారు, ఆమె ఏడవడానికి వెళ్లే గుమ్మం మాత్రం ఆ ఊళ్లో ఉండదు. ఈ లోటు తీర్చేది ఎక్కువగా సంఘ పెద్దలే. తుపాను తర్వాతి వారం పరామర్శలు ఇంటింటికీ వంతులేసుకుని, ఆ జాబితాలో పాస్టర్ గారి ఇంటి పేరు కూడా రాసుకుని, ఒక పూట అన్నం కూరా పట్టుకుని ఆ ఇంటికి వెళ్లి కూర్చోవడం వాళ్ల చేతిలో ఉన్న పని.